కౌలు కార్డుకు సంతకం పెడితే పొలం పోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. బాపట్ల దగ్గర మీ నాన్నగారి పేరు మీద 4 ఎకరాల మాగాణి ఉంది. పదేళ్లకు పైగా ఒకే రైతు కౌలుకు చేస్తున్నాడు, ఇంతవరకు అంతా నోటిమాటే. ఈ ఏడాది ఆయన కౌలు కార్డుకు సంతకం అడిగాడు. మీ పెదనాన్నగారేమో "పెట్టారంటే పొలం మీద ఆశ వదులుకోండి" అంటున్నారు. పెట్టాలా, వద్దా? పెడితే ఏం రాసుకోవాలి? సంతకం పెడుతున్నాం కాబట్టి కౌలు కాస్త పెంచి అడగొచ్చా?

సంతకం పెట్టించండి. పొలం ఎక్కడికీ పోదు. "పెట్టించండి" అని ఎందుకంటున్నానంటే సంతకం మీది చెల్లదు, మీ నాన్నగారిదే కావాలి. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లే పెట్టాలి. దాంతోపాటు మీ ఇద్దరి మధ్య షరతులు విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రెండో కాగితమే అసలైంది. దాని గురించే ఎక్కువ చెబుతాను.

నేను దస్తావేజు లేఖరిని. కౌలు పత్రాలు రాయడం, అవి రాసుకోక గొడవపడ్డవాళ్లకు రాజీ కాగితాలు రాయడం, రెండూ నా పనే. మా ఇంటి పొలం కూడా కొంత కౌలుకే ఇచ్చాం.

ముందు మీ పెదనాన్నగారి భయం సంగతి. అది ఊరికే పుట్టింది కాదు, ఆయన్ని తప్పుపట్టకండి. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చిన కౌలుదారీ చట్టం, 1974 సవరణ తర్వాత, కౌలు గడువు కనీసం ఆరేళ్లు అంది. యజమాని పొలం అమ్మదలిస్తే ముందు కౌలుదారుకే చెప్పాలంది. ఆ రోజుల్లో రాతకోత అంటే ఆసాములకు గుండెదడ. అందుకే కాగితం లేకుండా ఇవ్వడం, రెండేళ్లకోసారి కౌలుదారును మార్చడం అలవాటైంది. ఆ తరం వాళ్లు ఇప్పటికీ అదే లెక్కలో ఉన్నారు.

ఇప్పుడు మీ రైతు అడుగుతున్న కార్డు వేరే చట్టం కింద వచ్చేది. 2011లో రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. యజమాని, సాగుదారు కలిసి నిర్ణీత నమూనాలో 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే, దాని ఆధారంగా సాగుదారుకు కార్డు ఇస్తారు. ఆ కార్డుతో ఆయన పంట రుణం అడగొచ్చు, పంటల బీమా, పంట నష్టపోతే ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం (ఇన్‌పుట్ సబ్సిడీ) పొందొచ్చు. అంటే హక్కు పంట మీద. భూమి మీద యజమాని హక్కుకు దీనివల్ల ఏ భంగమూ లేదని చట్టమే చెబుతోంది. 11 నెలలు దాటితే కార్డుకు విలువ లేదు, మళ్లీ రాసుకోవాల్సిందే. రైతు అప్పు కట్టకపోయినా బ్యాంకు మీ పొలం జోలికి రాలేదు. ఎందుకంటే ఆ అప్పు పొలం మీద ఇచ్చింది కాదు, పంట మీద ఇచ్చింది.

"పన్నెండేళ్లు దున్నితే పొలం దున్నేవాడిదే" అనే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. 1963 కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్న మాట నిజమే. అయితే అది యజమాని హక్కును కాదని, "ఇది నాది" అంటూ బహిరంగంగా కూర్చున్నవాడి విషయంలో. మీ అనుమతితో దిగి, ఏటా మీకు కౌలు కొలిచేవాడికి అది వర్తించదు. కౌలుదారుగా పొలంలోకి వచ్చినవాడు, కౌలు నడుస్తుండగా "అసలు ఈ పొలం మీది కాదు" అనడానికి సాక్ష్య చట్టం కూడా ఒప్పుకోదు.

ఇక్కడే మీ పెదనాన్నగారికి చెప్పాల్సిన మాట ఒకటుంది. రేపు ఏదైనా తగాదా వస్తే, ఆ రైతు మీ అనుమతితోనే, కౌలుదారుగానే పొలంలో ఉన్నాడని మీరు రుజువు చేసుకోవాలి. నోటిమాట కౌలులో ఆ రుజువు ఏదీ? పదేళ్లుగా పొలంలో ఆయనే ఉన్నాడని ఊరంతా చెబుతుంది. మీకు కౌలు ముట్టిందని చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. ఆయన సంతకంతో, "సొంతదారు ఫలానా వారు, నేను కౌలుకు తీసుకున్నాను" అనే కాగితం మీ బీరువాలో ఉంటే ఆ బాధే లేదు. మీరు ఏ కాగితానికి భయపడుతున్నారో, అదే మీకు రక్ష. నా దగ్గరికి వచ్చిన పెద్ద తగాదాలన్నీ దాదాపు కాగితం లేనివే.

ఈ మధ్య ఆసాములు సంతకానికి వెనకాడటానికి అసలు కారణం, చాలా ఇళ్లలో, భూమి పోతుందన్న భయం కూడా కాదు. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. సాగు చేసేది ఒకరు, పంట రుణం వాడుకునేది మరొకరు. ఒకే పంటకు రెండు రుణాలు ఇవ్వరు కాబట్టి కౌలుదారు కార్డు పట్టుకుని బ్యాంకుకు వెళ్లినా "ఈ నంబరు మీద లోను ఉంది" అని పంపేస్తారు. మీ నాన్నగారి పాస్‌బుక్ మీద అలాంటి లోను ఉందేమో ముందు చూడండి. ఉంటే ఆ సంగతి రైతుకు ముందే చెప్పండి. దాన్ని తీర్చేయడమో, లోను లేని సర్వే నంబరు వరకైనా ఆయనకు కార్డు ఇప్పించడమో చేయండి. ఊరికే సంతకం పెట్టి బ్యాంకు చుట్టూ తిప్పితే మీ మాట మీద ఆయనకు నమ్మకం పోతుంది. ఒకవేళ కార్డుతో వ్యక్తిగతంగా రుణం రాకపోతే, నలుగురైదుగురు కౌలుదారులు ఉమ్మడి బాధ్యత గ్రూపుగా కలిసి తీసుకునే దారి కూడా ఉంది.

పీఎం కిసాన్ డబ్బు ఆగిపోతుందేమోనని అడిగేవాళ్లూ ఉన్నారు. అది భూమి ఉన్న కుటుంబానికి ఇచ్చేది. కార్డుకు సంతకం పెట్టినంత మాత్రాన ఆగదు.

ఇక షరతుల కాగితం. తేదీలు జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు పెట్టండి. మీ వైపు సార్వా వరి తర్వాత మొక్కజొన్నో, మినుమో వేస్తారు. డిసెంబరులో వేసిన మొక్కజొన్న ఏప్రిల్‌లో ఇంటికి వస్తుంది. గడువు మార్చితో ముగిస్తే పంట నిలబడి ఉండగా గొడవ. మే నెలంతా పొలం కాగితం ప్రకారం మీ చేతిలో ఉంటుంది. అప్పుడు ఒకసారి వెళ్లి గట్లు, సరిహద్దు రాళ్లు చూసుకోండి. నేను రాసేటప్పుడు ఈ వాక్యం తప్పకుండా పెడతాను:

"పై షెడ్యూలు భూమిని సొంతదారైన ఒకటవ పార్టీ వారు రెండవ పార్టీ వారికి పంట సాగు నిమిత్తం మాత్రమే 11 నెలల కాలానికి కౌలుకు ఇచ్చినారు. గడువు తీరిన పిమ్మట, వేరే నోటీసు అవసరం లేకుండా, రెండవ పార్టీ వారు సదరు భూమిని ఒకటవ పార్టీ వారికి స్వాధీనపరచగలవారు."

"ఉభయులం ఇష్టపడినచో ఏటా కొనసాగును" అని కొందరు చివర్లో కలుపుతారు. కలపనివ్వకండి. ఏడాది దాటిన కౌలు రాసుకుంటే రిజిస్ట్రేషన్ గొడవ వస్తుంది, 11 నెలల మాటకు అర్థమూ పోతుంది. కొనసాగించాలనుకుంటే మళ్లీ జూన్‌లో కొత్త కాగితం రాసుకోండి, అంతే.

కౌలు ఎంత, ఎప్పుడు అన్నది రెండోది. మీది ఎకరాకు ఇన్ని బస్తాలని మాట అయి ఉంటుంది. బస్తా అంటే 75 కిలోలని రాయండి. రాయకపోతే "నేను 70 కిలోల సంచి అనుకున్నా" అనేవాళ్లూ తగులుతారు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ధాన్యం మీకెందుకు, డబ్బే తీసుకుంటారు. మరి ఏ ధర? కళ్లంలో ధరా, ప్రభుత్వ మద్దతు ధరా? గొడవ ఎప్పుడూ ఇక్కడే. ఆ సీజను మద్దతు ధరకు కట్టేస్తే అనుమానం ఉండదు. ఉదాహరణకు ఎకరాకు 20 బస్తాలనుకుందాం. అంటే 15 క్వింటాళ్లు. 2025-26 సీజనుకు సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరాకు 35,535 అవుతుంది. అయితే రైతు నిజంగా మద్దతు ధరకు అమ్ముకోగలిగితేనే ఇది న్యాయం. తడిసిన ధాన్యం తక్కువకు తెగనమ్ముకున్న ఏడాది మీరు మద్దతు ధరే పట్టుకుని కూర్చుంటే, కాగితం మీ పక్షానే ఉంటుంది కానీ రైతు మిగలడు. అమ్మిన ధర రశీదు చూపిస్తే ఆ ధరే లెక్క అని ఒక ముక్క రాయండి. రెండో పంటకు విడిగా కౌలు ఉందా, లేక మొదటి పంటతోనే సరా అన్నది కూడా తేల్చి రాయాలి.

డబ్బు బ్యాంకు ఖాతాకో, ఫోన్‌పేలోనో వేయమనండి, "కౌలు" అని రాసి. పదేళ్ల తర్వాత అదే మీకు సాక్ష్యం.

మిరప, పత్తి పండే పల్నాడు లాంటి చోట్ల కౌలు ముందే కట్టాలంటారు. మీది డెల్టా కాబట్టి పంట మీద తీసుకునే పద్ధతే ఉంటుంది. దాన్ని మార్చకండి. ముందే కట్టమంటే రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? నూటికి రెండు రూపాయల వడ్డీకి. 30,000 కౌలుకు పది నెలల వడ్డీయే 6,000. ఆ భారం చివరికి మీ పొలం మీదే పడుతుంది. చేతిలో డబ్బు లేనివాడు ఎరువు తగ్గిస్తాడు, పశువుల ఎరువు తోలించడం మానేస్తాడు.

సగపాలుకు ఇస్తే మంచిదా అని కూడా కొందరు సలహా ఇస్తారు మీకు. పెట్టుబడిలో పాలు పెట్టి, కోత రోజు కళ్లంలో నిలబడగలిగితే ఇవ్వండి. హైదరాబాద్ నుంచి అది కుదరదు. ప్రతి కట్ట యూరియాకూ ఫోన్, ప్రతి లెక్కకూ అనుమానం. మీలాంటి వాళ్లకు స్థిరమైన కౌలే నయం.

పంట పోతే ఏం చేయాలో పంట బాగున్నప్పుడే రాసుకోండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలకొరిగింది, కోసిన పనలు నీళ్లలో తేలాయి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఒక పంచాయితీ చెబుతాను. కౌలు నోటిమాట. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో పంట యజమాని పేరు మీదే నమోదైంది, "మనోళ్లే కదా" అని ఎవరూ పట్టించుకోలేదు. పంట పోయింది రైతుకు, పరిహారం పడింది యజమాని ఖాతాలో. ఆపైన కౌలు బస్తాలు పూర్తిగా కొలవాలని యజమాని కొడుకు ఫోన్ చేశాడు. రైతు నా ముందు కూర్చుని కౌలు గురించి ఒక్క మాట అనలేదు. "ఆ డబ్బు నాదని ఆయనకు తెలియదా అండీ" అనే మాట మాత్రం మళ్లీ మళ్లీ అన్నాడు. పెద్దమనుషులు కూర్చుని, పరిహారం రైతుకు ఇచ్చేసి సగం కౌలు తీసుకునేలా రాజీ చేశారు. పొలం మాత్రం మరుసటి ఏడాది చేతులు మారింది.

అందుకని రెండు వాక్యాలు రాయండి. ఒకటి, ఈ-క్రాప్ నమోదు సాగు చేసేవాడి పేరునే జరగాలి, బీమా, పంట నష్ట పరిహారం సాగు చేసేవాడివే. ధాన్యం కొనుగోలు డబ్బు కూడా ఈ-క్రాప్‌లో ఉన్న పేరును బట్టే పడుతుంది కాబట్టి ఇది ఆయనకు ఎంత ముఖ్యమో చూడండి. రెండు, ప్రకృతి వైపరీత్యంలో అధికారుల లెక్క ప్రకారం నష్టం 33 శాతం దాటితే కౌలు ఎంత తగ్గుతుందో. ప్రభుత్వం ఇన్‌పుట్ సబ్సిడీకి పెట్టుకున్న గీత కూడా 33 శాతమే కాబట్టి, నష్టం దాటిందా లేదా అని మీరు కొత్తగా వాదించుకోనక్కర్లేదు. సగం కౌలు అంటారో, మూడో వంతు అంటారో మీ ఇష్టం. అసలు రాసి ఉండటం ముఖ్యం.

ఇవి కాక చిన్నవిగా కనిపించే కొన్ని ఉన్నాయి. వరిగడ్డి ఎవరిది? నీటి తీరువా ఎవరు కట్టాలి? గట్టు మీద తాడిచెట్లు, కొబ్బరిచెట్ల ఫలసాయం ఎవరిది? మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి? ఒక్కోదానికి ఒక్కో వాక్యం చాలు.

మట్టికి మాత్రం ఒక్క వాక్యం చాలదు. మా దగ్గరికి వచ్చిన ఇంకో ఆసామి, ఆయనా ఊరికి దూరంగా ఉండేవారే, నాలుగేళ్ల తర్వాత పొలానికి వెళ్లి చూస్తే పక్క చేను కంటే తన చేను అడుగు లోతుకు ఉంది. పై మట్టంతా ఇటుక బట్టీకి పోయింది. కౌలుదారును అడిగితే, "మెరక పొలం అండీ, నీరెక్కడం లేదు, తీయిస్తానని ఫోన్లో మీకు చెప్పాను కదా" అన్నాడు. చెప్పాడట కూడా. ఆసామి ఏదో మెరక సరిచేస్తాడులే అనుకుని సరే అన్నారు. పై అడుగు మట్టి పోయాక ఆ చేను మళ్లీ దారికి రావడానికి ఎన్ని జీలుగ పంటలు దున్నాలో రైతుకు తెలుసు. అందుకని "యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా మట్టి తీయరాదు, చేపల లేదా రొయ్యల చెరువు తవ్వరాదు, మరొకరికి మారు కౌలుకు ఇవ్వరాదు" అని ఉండాలి. డెల్టాలో చెరువు మాట మరీ ముఖ్యం. ఒకసారి చెరువైన పొలాన్ని మళ్లీ వరి పొలం చేయడం తేలిక కాదు.

ఏటా ఒకసారి మీభూమి అనే ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్‌లో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (పట్టాదారు వివరాల రికార్డు) తీసి చూసుకోండి. 1బిలో పట్టాదారు పేరు మీ నాన్నగారిదే ఉండాలి. అడంగల్‌లో సాగుదారు పేరు కనిపిస్తే కంగారుపడకండి, అది ఎవరు పంట వేశారన్నది మాత్రమే, హక్కు పత్రం కాదు. కౌలు అని లేకుండా అనుభవదారు గడిలో వేరే పేరు ఏళ్ల తరబడి ఉండిపోతే మాత్రం వెంటనే అర్జీ పెట్టి సరిచేయించుకోండి.

నేను చెప్పిందంతా సొంత పట్టా భూమికి. మీది అది కాకపోతే ముందే ఆగండి. ప్రభుత్వం పేదలకిచ్చిన ఎసైన్డ్ భూమి అయితే 1977 చట్టం కౌలును కూడా నిషిద్ధ బదిలీగానే చూస్తుంది. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులకు కౌలుకివ్వడం 1959 నాటి భూ బదలాయింపు నిబంధన ప్రకారం చెల్లదు. పొలం తెలంగాణలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, 2019 చట్టం, ఆ కార్డు మీకు వర్తించవు. మీరు మామూలు 11 నెలల ఒప్పందమే రాసుకోవాలి. అక్కడ భయమంతా 1950 చట్టం నాటి రక్షిత కౌలుదారుల నుంచి వచ్చింది. ఆ హక్కు అప్పట్లో రికార్డుకెక్కినవాళ్లది, ఇప్పుడు కొత్తగా కౌలుకు తీసుకున్నవాళ్లకు రాదు.

చివరగా, కౌలు పెంచడం గురించి అడిగారు. ఊళ్లో పక్క పొలాల కౌలు పెరిగి ఉంటే మీరూ అడగొచ్చు, అందులో తప్పేం లేదు. కానీ సంతకానికీ దానికీ ముడి పెట్టకండి. "రెండు బస్తాలు పెంచితే సంతకం" అంటే కార్డును అమ్మినట్టవుతుంది. పైగా ఆయన బ్యాంకు రుణంతో మిగుల్చుకునే వడ్డీ మీకే వచ్చిపడుతుంది. పదేళ్లుగా కౌలు ఎగ్గొట్టకుండా, గట్లు కాపాడుకుంటూ వచ్చిన మనిషి అయితే, నేనైతే ఈ ఏడాదికి పాత కౌలే ఉంచి, వచ్చే జూన్‌లో కొత్త కాగితం రాసేటప్పుడు ఆ మాట ఎత్తుతాను. అలాగే "నువ్వు బాగా చేస్తే మూడేళ్లదాకా మార్చను" అని నోటిమాటగా చెప్పండి. కాగితం మీద 11 నెలలే. వచ్చే ఏడాది తనదో కాదో తెలియని చేనులో ఎవరూ పశువుల ఎరువు తోలించరు.

ఆలస్యం మాత్రం చేయకండి. నారుమళ్లు పోసే లోపు మీ నాన్నగారిని తీసుకుని ఊరికి వెళ్లండి. ఆధార్, పాస్‌బుక్ నకళ్లు దగ్గర పెట్టుకోండి. ఒప్పందం నమూనా వీఆర్వో దగ్గర ఉంటుంది, సంతకాలు ఆయన సమక్షంలోనే చేయించండి. నాన్నగారు ప్రయాణం చేయలేని స్థితిలో ఉంటే, ముందే వీఆర్వోకు ఫోన్ చేసి ఏం చేయాలో కనుక్కుని బయల్దేరండి. ఆయన బదులు మీరు సంతకం గీసేయకండి. షరతుల కాగితం రెండు ప్రతులు రాయించి, రెండిటి మీదా ఇద్దరి సంతకాలు, ఊళ్లో ఇద్దరి సాక్షి సంతకాలు తీసుకుని, ఒకటి రైతుకు ఇచ్చి రండి.